నాగా ఎరగని జోడీ

మా ముత్తాత జగన్నాథరాజు గారు విశాఖపట్నం జిల్లాలో పదకొండు గ్రామాలకు దొర. ఆయన పల్లకీ వీధి మలుపు తిరగకముందే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారు. మా తాత నరసింహరాజు గారి నాటికి గ్రామాలు నాలుగే మిగిలాయి గాని, లేచి నిలబడడం తగ్గలేదు. మా నాన్నగారు రామభద్రరాజు గారు దాయాదులతో వ్యాజ్యం నడిపి, మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయారు. అవతలివాళ్ళు తెచ్చిన సాక్షి మా ఇంటి ఉప్పు తిన్నవాడే. ఎవరో నేర్పిన పాఠం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. వేలం అయిన నెలకు నాన్నగారు దివాణం తాళాలు పాటదారు గుమాస్తా చేతిలో పెట్టి, మమ్మల్ని వెంటబెట్టుకుని రాయపూర్ రైలెక్కారు. రాయపూర్ గూడ్సు ఆఫీసులో ఆయనకు పని చూపించింది ఒకప్పుడు మా దగ్గర కరణీకం చేసినాయన కొడుకు. నాన్నగారు బతికున్నన్నాళ్ళూ ఆ మేలును ఒప్పుకున్నారు. దాని గురించి మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇదంతా గొప్ప కోసం రాయడం లేదు. నేను చేసిన ఉద్యోగానికీ దీనికీ సంబంధం ఉంది.

మా దివాణంలో ఒక పద్ధతి ఉండేది. రైతుల ఇళ్ళలో గాని, పాలేళ్ళ ఇళ్ళలో గాని ఆడమనిషి ప్రసవిస్తే మా నాయనమ్మ కాయం పొడి, ఒక చెంబుడు నెయ్యి, కొత్త చీర పంపించేది. ఆ మనిషి తనంతట తాను లేచి తిరిగేదాకా పొలంలోకి పిలవకూడదని మేస్త్రీలకు ఆజ్ఞ. ఎస్టేటు పోయిన ఏడాది కూడా మా పాలేరు భార్య ప్రసవించింది. నాయనమ్మ గదిలో కూర్చుని తలుపు వేసుకుంది. పంపడానికి ఏమీ లేదు. పాటదారు మేస్త్రీ ఆ మనిషిని వారం తిరక్కుండా నాట్లకు తోలాడు.

ఇచ్చే చెయ్యి పడిపోతే ఇవ్వడమూ పడిపోతుందని అప్పుడు చూశాను. ఆడమనిషి పురుడు ఏ దొర దయ మీదా ఆధారపడకూడదు, అది హక్కుగా ఉండాలి, హక్కు చట్టంలో ఉండాలి అని ఆ వయసులోనే నాకు గట్టిగా అనిపించింది. ఆ నమ్మకంతోనే ఫ్యాక్టరీల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఉద్యోగం వదిలేనాటికి ఆ నమ్మకంలో పెద్దగా ఏమీ మిగల్లేదు. ఎందుకు మిగల్లేదో ఇప్పుడు ఈ శాఖలో చేరుతున్న మీకు చెప్పాలని కూర్చున్నాను.

పని సంగతి

ఈ ఉద్యోగం చట్టం చదవడమని మీకు చెబుతారు. అసలు పని నడవడం. మిల్లు గేటు దగ్గర టాంగా దిగితే లోపలికి కబురు ముందే చేరుతుంది. స్టేషను దగ్గరే దిగి నడిచి వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం వెళ్ళండి. ఆ వేళకు యజమాని భోజనానికి వెళ్ళి ఉంటాడు, గుమాస్తా కునుకు తీస్తుంటాడు, మిల్లు మాత్రం ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

మిల్లులో టీ తాగకండి. నేను ఇంటి నుంచి మరచెంబులో నీళ్ళు తీసుకెళ్ళేవాణ్ణి. రాజుగారికి మడి ఎక్కువని నవ్వుకునేవారు. నవ్వుకోనిచ్చాను. ధర్సీవాలో ఒక సబ్బుల కార్ఖానా యజమాని నా ముందున్న ఇన్‌స్పెక్టరుకు పండగకు ధోవతులు ఇచ్చాడట. ఆ మనిషి బదిలీ అయి వెళ్ళాక కూడా యజమాని ఏళ్ళ తరబడి ఆ ధోవతుల కథ చెప్పి నవ్వించేవాడు. ఒకసారి తీసుకున్నవాడి పరువు అలా సంతలో తిరుగుతూనే ఉంటుంది.

ఇంకొకటి. ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు మేస్త్రీని దూరంగా పంపండి. వాళ్ళ భాషలో మాట్లాడండి. రాయపూర్ చుట్టుపక్కల మిల్లుల్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడే రేజాలు, అంటే ఆడకూలీలు, ఎక్కువ. రైల్వే లైను పక్కన ఉన్న మిల్లుల్లో మాత్రం మనవాళ్ళూ కనిపిస్తారు. శ్రీకాకుళం, పర్లాకిమిడి వైపు నుంచి రైలు పట్టాల గేంగు పనికి వచ్చిన మగవాళ్ళ భార్యలు. నాకు మిగిలిన బాధంతా ఆ మనవాళ్ళ దగ్గరే మొదలైంది.

కేళ్కర్ సాహెబు

నా పైన పనిచేసిన అధికారులందరిలోకీ నిజాయితీపరుడు కేళ్కర్ సాహెబు. నాగపూర్ నుంచి వచ్చేవారు. తెల్లటి తలపాగా, చేతికర్ర. ఎవరి దగ్గరా గ్లాసుడు మజ్జిగ కూడా పుచ్చుకునేవారు కాదు. సేఠులు ఆయనకు భయపడేవారు. నేను ఆయనకు భయపడలేదు, గౌరవించాను.

అయితే ఒకటి చెప్పాలి. చెడ్డ అధికారి వల్ల జరిగే నష్టం ఎలాంటిదో అందరికీ తెలుసు. మంచి అధికారి వల్ల జరిగే నష్టం గురించి ఎవరూ చెప్పరు. కేళ్కర్ గారు చట్టాన్ని పూజాపుస్తకంలా చదివేవారు. అందులో ఉన్న మాటకు ఒక వెంట్రుక అటూ ఇటూ జరగరు. లంచగొండి అయితే ఒకవైపైనా వంగేవాడు. ఈయన ఏ వైపూ వంగరు. అలాంటి మనిషి ముందుకు సరైన కాగితం లేని బీదమనిషి వస్తే, ఆ మనిషికి న్యాయం జరగకపోవడమే కాదు, జరగకూడదని తేటతెల్లంగా రుజువు కూడా అవుతుంది. లంచగొండి చేతిలో ఓడినవాళ్ళు కనీసం తిట్టుకోగలరు.

ప్రసూతి భత్యం చట్టం మా రాష్ట్రంలో నేను చేరకముందే వచ్చింది. చదవడానికి బాగుంటుంది. ఫ్యాక్టరీలో కొన్ని నెలలు ఎడతెగకుండా పనిచేసిన ఆడమనిషి, ప్రసవానికి పనిలోకి రాకుండా ఉన్న వారాలకు యజమాని కూలి చెల్లించాలి. ఇంజనుతో నడిచే చోట ఇరవై మందికి తగ్గకుండా ఉంటే అది ఫ్యాక్టరీ. అంతకు తక్కువైతే చట్టం దృష్టిలో అది ఒక ఇల్లు లాంటిదే. చట్టం రాసినాయన కళ్ళముందు బొంబాయి బట్టల మిల్లు ఉండి ఉంటుంది. ఒక గేటు, ఒక పేరు, ఒక మనిషి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని. తిల్దా ఆయన చూసి ఉండరు.

తిల్దా మిల్లు

తిల్దాలో ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటి ఉండేది. యజమాని ఊరు, పేరు ఇక్కడ అనవసరం. అందరూ సేఠ్‌జీ అనేవారు, నేనూ అలాగే అంటాను. చిన్న మిల్లు. ఒక ఇంజను, ధాన్యం ఉడకబెట్టే గాబులు, వెనక ఇటుకలు పరిచిన పెద్ద కళ్ళం. పేర్ల లెక్కన ఇరవైకి కాస్త పైన ఉండేవారు గనక అది మా చట్టం కిందికి వచ్చేది.

ఉడికిన ధాన్యం ఆవిరి కక్కుతుండగానే ఆడవాళ్ళు తట్టలతో మోసి కళ్ళంలో పోస్తారు. తరువాత దాన్ని కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేస్తారు. కింద కాలే ఇటుక, పైన ఎండ, మధ్యలో ఉడుకు గింజ. ఆ పని ఒక పూట చేసినా చాలు, పాదాలు తోలు అట్టల్లా అవుతాయి.

ఒక చైత్రమాసం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి గుమాస్తా సన్యాసిరావు మెలకువగానే ఉన్నాడు. అతను బొబ్బిలి వైపువాడు, తిల్దాలో స్థిరపడి చాలా కాలమైంది. నోరు మంచిది కాదు గాని మనసు పూర్తిగా చెడినది కాదు.

"దండాలు రాజావారూ. ఎండలో నడిచొచ్చారా? మా సేఠు చూస్తే ఏడుస్తాడు. టాంగాకి డబ్బులివ్వని గవర్నమెంటా అని."

"ఇంజను బెల్టుకు కటకటాలు పెట్టించమని పోయినసారి చెప్పాను."

"చెప్పారు. నేనూ చెప్పాను. సేఠు 'దేఖేంగే' అన్నాడు. ఆయన 'దేఖేంగే' అంటే మీ మనవడొచ్చి చూడాలి."

మేము తెలుగులో మాట్లాడుకుంటూ కళ్ళం వైపు వెళ్ళాం. అప్పుడే కళ్ళంలో ఉన్న ఆడవాళ్ళు ఒకరొకరుగా గట్టు మీదికి వస్తున్నారు. గట్టు మీద వేరే ఆడవాళ్ళు కాచుకుని ఉన్నారు. కళ్ళం నుంచి వచ్చినామె మెడలోని రేకు బిళ్ళ తీసి గట్టు మీదామె మెడలో వేస్తుంది. తట్ట అందిస్తుంది. ఈమె దిగుతుంది, ఆమె ఇంటిదారి పడుతుంది. అందరూ అంతే. మాట కూడా లేకుండా, రోజూ జరిగే పనిలా జరిగిపోయింది.

"ఇదేమిటి?" అన్నాను.

"జోడీలండి," అన్నాడు సన్యాసిరావు. "పొద్దుటి మనిషి ఒకరు, మధ్యాన్నం మనిషి ఒకరు. పేరు ఒకటి, బిళ్ళ ఒకటి, పగారు ఒకటి. అక్కచెల్లెళ్ళో తోటికోడళ్ళో కలిసి ఒక చోటు పట్టుకుంటారు. సేఠుకి లాభమే. ఒక్క కూలికి రెండు తాజా ఒళ్ళు."

అప్పుడే దిగబోతున్న ఒక పెద్దామె ఆగింది. పేరు పైడమ్మ. మిల్లు లెక్కల్లో ఉన్నది ఆ పేరే. ఆమెకు బిళ్ళ ఇచ్చిన చిన్నామె ఆమె తోటికోడలు నూకాలు. నూకాలుకు నెలలు నిండుతున్నాయి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నడుము మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఓలప్పా, ఈ సర్కారు బాబు మన మాటే మాటాడతన్నాడే!" అంది నూకాలు.

"మెల్లిగనే. ఇనిపిస్తాది."

"ఇనిపిస్తే ఏటి? ఇనాలనే గదా."

నేను నేరుగా అడిగాను. "ఇద్దరూ చెరొక చోటు ఎందుకు తీసుకోలేదు?"

పైడమ్మ నవ్వింది. "గేంగు డూటీకెల్లినోల్లకి కూడొండాల గదా బాబూ. పిల్లలు నాకే ఐదుగురున్నారు. ఇద్దరం ఇక్కడే సచ్చిపోతే ఇంటికాడ ఆల్లనెవులు సూస్తారు? సేఠు సూస్తాడా?"

"సేఠు తన పిల్లల్నే చూసుకోడు," అన్నాడు సన్యాసిరావు.

నూకాలు నవ్వలేదు. "బాబూ, కడుపుతో ఉన్నోల్లకి ఇంటికాడుంటే పగారొస్తాదంట. నిజమేనా?"

"ఎవరు చెప్పారు?"

"రైలు దవాకానాలో నర్సమ్మ. నాకు రెండు కానుపులు పోనాయి బాబూ. రెండు సార్లూ పచ్చి ఒంటితోటే కల్లంలోకి దిగీసినాను. పాలు ఎండిపోనాయి. పిల్లలు పోనారు. ఈసారీ అలగే దిగితే ఇదీ దక్కదని నర్సమ్మ సెప్పీసినాది. నలబై దినాలు ఇంటికాడుండాలంట."

"అంతకుముందు నువ్వు పురిట్లో ఉన్నప్పుడు పని ఎవరు చేశారు?"

"అప్పే. రెండు పూటలూ తనే తొక్కీసి, సగం పగారు నాకే ఎట్టీసినాది. ఎన్నాల్లని తొక్కుతాది? దానికీ ఒల్లే గదా." తోటికోడలి వైపు చూసింది. "ఇప్పుడు అప్పకీ నెల తప్పినాది."

ఇంతే సంగతి. ఈ మనిషికి నలభై రోజులు ఇంట్లో ఉండే కూలి దొరికితే బిడ్డ దక్కవచ్చు. దొరకకపోతే దక్కకపోవచ్చు. నా ఉద్యోగంలో ఇంత తేటగా ఎవరూ నన్ను ఏదీ అడగలేదు.

"వస్తుంది. చట్టంలో ఉంది. నేను చూస్తాను," అన్నాను.

అర్జీ

సేఠ్‌జీ మర్యాదస్తుడు. నన్ను గద్దె మీద కూర్చోమన్నాడు, నేను నిలబడే మాట్లాడాను. "రాజాసాబ్, మీరు మా ఇంటి మనిషి లాంటివారు. నేను ఒక్క మనిషిని పెట్టుకున్నాను, ఒక్క మనిషికి ఇస్తున్నాను. ఆ మనిషి పేరు పైడమ్మ. ఇంక వాళ్ళింట్లో ఎవరు ఎప్పుడు వస్తారో, అది ఘర్ కీ బాత్, వాళ్ళ ఇంటి సంగతి. నేనెలా జోక్యం చేసుకోను?"

"మీ కళ్ళముందు ఇద్దరు పనిచేస్తున్నారు."

"నా కళ్ళకు బిళ్ళ కనిపిస్తుంది."

అర్జీ నేనే రాశాను. నూకాలు వేలిముద్ర వేసింది. పూట పనివాళ్ళు కూడా పనివాళ్ళే, చట్టంలో రోజంతా చేయాలన్న మాట ఎక్కడా లేదు, పేరు రాసుకోకపోవడం యజమాని తప్పు, దానికి శిక్ష ఆడమనిషికి వేయకూడదు అని వాదన కట్టాను. ఈరోజుకీ ఆ వాదనలో లోపం లేదు. కేళ్కర్ గారు చదివి, "బాగా రాశారు. మిల్లులోనే విచారణ పెడతాను. ఆమె ఏళ్ళుగా పని చేస్తోందని తోటివాళ్ళు చెప్పాలి," అన్నారు. తోటివాళ్ళంతా చెబుతారు, అందులో నాకు సందేహం లేదు.

విచారణ ముందురోజు సన్యాసిరావు రాయపూర్ వచ్చాడు. మా కచేరీ ఎదురుగా చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"రాజావారూ, సేఠు ఉప్పు తింటున్నాను, ఇది నేను చెప్పకూడదు. రేపు ఆ ఆడవాళ్ళు ఏం చెబుతారో మీకు తెలుసా?"

"నిజం చెబుతారు."

"అదే భయం. వాళ్ళకి నాగా అంటే పరువు తక్కువ. జోడీ అంటే ఒక్క రోజు చోటు ఖాళీ ఉండకూడదు. పెళ్ళయినా చావయినా రెండోది వచ్చి నిలబడాలి. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు కూడా 'మా జోడీ నాగా ఎరగదు' అని చెప్పుకుంటారు. రేపు పెద్ద సాహెబు ముందు ఆ గొప్పే చెప్పుకుంటారు. చెప్పుకోవద్దని ముందే ఒక మాట చెప్పండి. 'అది పురిట్లో ఉన్నప్పుడు చోటు ఖాళీగా ఉంది' అనమనండి. అంతే చాలు."

"అది అబద్ధం."

"ఒక్క ముక్క."

"సాక్షులకు పాఠం చెప్పే ఇల్లు కాదు మాది. అలాంటి పాఠం వల్లే మేము ఈ ఊరు వచ్చాం."

అతను చెప్పులు తొడుక్కున్నాడు. "మీ ఇల్లు నిలబడాలి, నిజమే," అన్నాడు. వెటకారంగా అనలేదు. అలసిపోయిన మనిషిలా అన్నాడు.

సాక్ష్యం

మిల్లు కొట్టులో కేళ్కర్ గారు కుర్చీలో, సేఠ్‌జీ గద్దె మీద, ఆడవాళ్ళు గుమ్మం బయట వరసగా. ఇంతమంది పెద్దమనుషులు తమ మాట వినడం వాళ్ళకు అదే మొదలు. తలలు దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. నేను వాళ్ళ తెలుగును సాహెబుకు హిందీలో చెబుతున్నాను.

నూకాలు ఎన్నేళ్ళుగా పనిచేస్తోందో అందరూ చెప్పారు. సేఠ్‌జీ ముఖం పాలిపోయింది. అప్పుడు కేళ్కర్ గారు అడిగారు.

"ఈమె ఇంతకుముందు ప్రసవించినప్పుడు ఎన్నాళ్ళు పనికి రాలేదు?"

నేను తెలుగులో అడిగాను. పైడమ్మ ముందుకు వచ్చింది. వెన్ను నిటారుగా పెట్టుకుని చెప్పింది.

"మా జోడీ ఎప్పుడూ నాగా ఎట్నేదు బాబూ. అది కన్ననాడు కూడా మా సోటు కాలీగా నేదు. కావలిస్తే అడగండి."

వరసలో ఉన్నవాళ్ళంతా తలలూపారు. "నిజమే బాబూ. పైడప్పది నాగా ఎరగని జోడీ." ఒకామె, "మాదీ అంతే!" అంది వెనకనుంచి. ఇంకొకామె, "నీది కాదు లేయే, దసరాకి ఎల్లిపోనావు," అంది. నవ్వుకున్నారు. ఆ నిమిషాన వాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నారో నాకు గుర్తుంది.

నాగా అన్న మాటకు నా తర్జుమా అక్కర్లేకపోయింది. మరాఠీలోనూ నాగా అంటే నాగాయే. కేళ్కర్ గారు కలం పక్కన పెట్టారు.

"అయితే ఆ రోజుల్లో రెండు పూటల పనీ చేసింది మీరేనా?"

"నానే."

"మిల్లు ఇచ్చిన కూలిలో సగం ఈమెకు ఇచ్చారా?"

"ఇచ్చినాను. ఇవ్వకపోతే ఏటి తింటాది?"

"మామూలు రోజుల్లోనూ కూలి మీరు తీసుకుని ఈమెకు పంచేది మీరేనా?"

"అవును. పేరు నాది గదా."

కేళ్కర్ గారు నా వైపు తిరిగారు. ఆ ముఖంలో కోపం గాని, సంతోషం గాని లేవు. లెక్క తేలిన మాస్టారి ముఖం. "రాజుగారూ, చూశారుగా. మిల్లు పెట్టుకున్నది ఒక చోటుకు ఒక మనిషిని. ఆ చోటు ఎప్పుడూ ఖాళీ లేదు. రాకపోవడమే లేనప్పుడు దేనికి భత్యం? ఈమె పనిచేసిందన్నది నేను నమ్ముతున్నాను. కానీ ఈమెను పిలిచింది పైడమ్మ, కూలి ఇచ్చింది పైడమ్మ, పురిట్లో ఉన్నప్పుడు ఇచ్చిందీ పైడమ్మే. చట్టం ప్రకారం ఈమె యజమాని పైడమ్మ."

ఆ చివరి మాట ఒక్కటి ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. పైడమ్మ నోరు తెరిచింది.

"నాను సేఠునా బాబూ?"

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "ఓలమ్మో, పైడప్ప సేఠంట! గద్దె మీద కూకో అప్పా!" సన్యాసిరావు తల దించుకున్నాడు. సేఠ్‌జీ కూడా నవ్వాడు. నవ్వనిది కేళ్కర్ గారు, నేను, నూకాలు. ఆమె నా ముఖమే చూస్తోంది. ఫలితం ఏమిటో ఆమెకు ఎవరూ తర్జుమా చేయలేదు.

ఆమెకు జీవితంలో ప్రసూతి భత్యం ఇచ్చినది ఒక్క మనిషే. చట్టం వెతికి వెతికి ఆ మనిషినే పట్టుకుంది.

మీరు నన్ను అడగవచ్చు, ముందురోజు సన్యాసిరావు మాట వింటే సరిపోయేది కదా అని. చాలామంది అడిగారు. నా జవాబు మారలేదు. ఇన్‌స్పెక్టరు సాక్షులకు పాఠం చెప్పడం మొదలుపెడితే, ఆ పాఠం రేపు సేఠు ఇంకా బాగా చెబుతాడు. అతని దగ్గర అంతకు తగ్గ డబ్బు ఉంది. నేను నిటారుగా నిలబడ్డాను. నిలబడినందుకు నాకేమీ కాలేదు. ఆ సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. మన నిజాయితీకి అయ్యే ఖర్చు తరచు ఇంకొకరి ఇంట్లో పడుతుంది.

విచారణ తరువాత

నాగపూర్‌కు, కేళ్కర్ గారి పైవాళ్ళకు, అప్పీలు పంపాను. జవాబు రాలేదు.

సేఠ్‌జీ మాత్రం ఊరుకోలేదు. పూట మనుషులు ఉంటే ఎప్పటికైనా గొడవేనని అర్థమైంది. జోడీలు రద్దు చేశాడు. బిళ్ళ ఉన్న మనిషే రోజంతా ఉండాలి, వేరే ముఖం కనిపిస్తే చోటు పోతుంది. ఆపైన ఇంజను షెడ్డు తన పేర ఉంచుకుని, కళ్ళాన్ని అల్లుడి పేర రాశాడు. మధ్యలో వెదురు తడిక కట్టించాడు. తడికకు ఇటు ఇంజను ఉంది, ఇరవై మంది లేరు. అటు మనుషులున్నారు, ఇంజను లేదు. రెండూ ఫ్యాక్టరీలు కావు. తడిక దాటి వెళ్ళే అధికారం నాకు పోయింది.

కేళ్కర్ గారితో ఆ మాట చెప్పాను. ఆయన, "ఇది చట్టాన్ని ఎగ్గొట్టడమే. కానీ చట్టప్రకారమే ఎగ్గొట్టాడు," అన్నారు. నిజంగా బాధపడ్డారు. ఆయన బాధపడగలిగిన మనిషే.

ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది, మనుషుల సంఖ్య తగ్గించారు, ఇన్సూరెన్సు అంటున్నారు. మంచిదే. మీరు వెళ్ళి చూడండి. పూట పనికి వచ్చేవాళ్ళు, ఇంకొకరి పేరు మీద వచ్చేవాళ్ళు, అయిదారుగురు పనిచేసే పోహా, అంటే అటుకుల, మిల్లులు, బీడీ చుట్టే వసారాలు. వీళ్ళను ఏ చట్టంలో ఎక్కడ రాశారో నాకు చూపించండి. నాకు చూపు తగ్గింది గాని అక్షరాలు కనిపిస్తాయి. తడికలు కట్టే చేతులు చట్టాలు రాసే చేతులకన్నా చురుకైనవి, నా ఉద్యోగమంతటిలో నేను గట్టిగా నేర్చుకున్నది అదొక్కటే.

తిల్దాకు మళ్ళీ వర్షాకాలం చివర వెళ్ళాను. వేరే మిల్లు పని మీద. స్టేషను బయట కుళాయి దగ్గర పైడమ్మ బిందెతో కనిపించింది. కడుపు బాగా పైకి వచ్చింది. నన్ను చూసి బిందె దించింది.

"బాగున్నావా బాబూ?"

"నూకాలు ఎలా ఉంది?"

"కల్లంలో ఉంది."

మిగతాది ఆమే చెప్పింది. జోడీ రద్దయ్యాక రోజంతా పైడమ్మే దిగింది. నూకాలు ఆడపిల్లను కన్నది. అంతలో పైడమ్మకు రక్తం కనిపించింది. ఇంక కళ్ళం తొక్కితే నీకే ప్రమాదమని నర్సు అంది. గేటు దగ్గర చోటు కోసం మనుషులు కాచుకుని ఉన్నారు, వదిలితే పోయినట్టే. మునుపైతే మొగుడి జీతంతో ఎలాగో గడిచేది. ఆ ఏడు బియ్యం ధర అలా లేదు.

"నాను ఎలతానన్నాను బాబూ. అదొప్పునేదు. 'నీ కడుపులోది పోతే నాకు మొకం సూపించనేవు అప్పా' అని బిల్ల లాగేసుకుని ఎలిపోనాది. పచ్చి ఒల్లే ఇంకా. పొద్దుగాల ఎల్లి పొద్దుగూకి రావడం. మునుపు మద్దేన్నం ఇంటికొచ్చి పాలిచ్చీది. ఇప్పుడెక్కడ? పాలు ఎండిపోనాయి."

"సేఠు పేరు మార్చనిచ్చాడా?"

"గుమాస్తాబాబు రాసీసినాడు. ఎవలకీ సెప్పొద్దన్నాడు."

"మరి పిల్ల?"

"మేకని కొన్నాం బాబూ, పాలకి. నెలాపదిదినాలు తాగినాది." బిందె మూతి మీద చెయ్యి పెట్టి ఎటో చూసింది. "పోనాది."

ఆమె బిందె ఎత్తుకోవడానికి వంగింది. వద్దని నేనే ఎత్తి ఆమె నడుము మీద పెట్టాను. ఇంక నిలబడలేదు, వెళ్ళిపోయింది.

పిల్ల పోయిన వారమే మేకను తిల్దా సంతలో అమ్మేశారట.